కరువు పనుల నుంచి కార్ల కర్మాగారం దాకా: అనంతలో ఆరోగ్య బీమా నడిచిన దారి

1877 జనవరిలో కలకత్తా ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరువు పరిశీలనకు మద్రాసు రాష్ట్రానికి పంపింది. ధాత కరువు రోజులవి. దత్తమండలాల్లో చెరువులు అడుగంటాయి. జొన్న, కొర్ర గింజ దొరకడం గగనమైంది. మట్టి తవ్వడానికీ, రాళ్లు కొట్టడానికీ జనం ఊళ్లకు ఊళ్లే కరువు పనుల్లో చేరారు. ఖర్చు తగ్గించాలన్న ఆదేశంతో వచ్చిన టెంపుల్, మగ కూలికి రోజుకొక పౌను ధాన్యం, దాని పైన ఉప్పుకూ పప్పుకూ కొంత చిల్లర చాలునని తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. రోజంతా గడ్డపార పట్టే ఒంటికి ఆ తిండి సరిపోదని, అలాంటి కూలి ఇచ్చి పని చేయించుకోవడం మనిషిని కొద్దికొద్దిగా చంపడమేనని ఆయన వాదన. కొన్ని నెలల తర్వాత మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. అప్పటికే పనుల మీద, దారుల మీద ఎందరో రాలిపోయారు.

ఆరోగ్య బీమా చరిత్రను నేను ఈ వాదన దగ్గరే మొదలుపెడతాను. పని ఇచ్చేవాడికి, పని చేసేవాడి ఒంటి పట్ల ఎంత బాధ్యత ఉందన్న ప్రశ్న ఈ పీఠభూమి మీద బాహాటంగా చర్చకు వచ్చింది అప్పుడే. ఆ పనుల్లో యజమాని స్వయంగా ప్రభుత్వమే. అప్పటికి అనంతపురం జిల్లా పుట్టలేదు, బళ్లారిలో భాగంగా ఉండేది. 1882లో విడి జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో దాని నుంచి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. గీతలు ఎక్కడ గీసినా నేల ఒకటే, ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన ఒకటే. కనుక ఇక్కడ అనంత అంటే రెండు జిల్లాలూ.

కూలి మనిషికి జబ్బు చేస్తే రెండు దెబ్బలు తగులుతాయి. ఒకటి ఆసుపత్రి బిల్లు. రెండోది మంచం పట్టినన్నాళ్లూ ఇంటికి రాని కూలి. మొదటిది కాగితం మీద కనిపిస్తుంది, రెండోది ఏ కాగితం మీదా కనిపించదు. గత వందేళ్ల సంస్కరణలను వరుసగా పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇదే: కర్మాగార కార్మికుడి విషయంలో మన చట్టాలు ఈ రెండు దెబ్బలనూ గుర్తించాయి. పొలం, మగ్గం, బేల్దారి పని మీద బతికేవాళ్ల విషయంలో మొదటి దెబ్బను ఆలస్యంగానైనా గుర్తించాయి, రెండోదాన్ని దాదాపు వదిలేశాయి.

యజమాని ఖర్చుతో వైద్యం అన్నది అనంతలో మొదట వేళ్లూనింది గుంతకల్లులో. రైలు పట్టాలు వచ్చాక అక్కడ ఉద్యోగుల క్వార్టర్లు వచ్చాయి, రైల్వే ఆసుపత్రి వచ్చింది, జబ్బు సెలవుకు జీతం వచ్చింది. ఫైర్‌మన్‌కో గార్డుకో జ్వరమొస్తే ఇల్లు గడిచేది. ఆ పట్టాలకు అరమైలు దూరంలో వేరుశనగ పీకే కూలికి ఈ మూడింటిలో ఏదీ లేదు. 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం పనిలో గాయపడినవాడికి, చనిపోయినవాడి కుటుంబానికి పరిహారం ఇవ్వాలని చెప్పింది. అదీ ప్రమాదానికీ, ఆ పని వల్లే వచ్చే కొన్ని జబ్బులకే, మామూలు జబ్బుకు కాదు. జర్మనీలో బిస్మార్క్ 1883లోనే కార్మికుల అనారోగ్య బీమాను చట్టం చేశాడు. బ్రిటన్ 1911లో ఆ దారి పట్టింది. మన దగ్గర 1943లో బి.పి. అదార్కర్‌కు ఆ పని అప్పగించారు, 1944లో ఆయన నివేదిక ఇచ్చాడు. దాని మీద లేచిన కట్టడమే 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, జనం నోట్లో ఈఎస్ఐ. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో, ఢిల్లీలో ఆ పథకం అమల్లోకి వచ్చింది.

ఈఎస్ఐ ఎంత ముందుచూపు ఉన్న చట్టమో మనం తరచు మరచిపోతాం. యజమాని కొంత, కార్మికుడు కొంత కడతారు. బదులుగా కార్మికుడికీ కుటుంబానికీ వైద్యం. అంతటితో ఆగలేదు. జబ్బు సెలవులో ఉన్నన్నాళ్లూ జీతంలో కొంత భాగం చేతికి వస్తుంది. ఇవాళ్టి లెక్కన అది 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు ఇంకా ఎక్కువ, రెండేళ్ల దాకా. ప్రసవానికి 26 వారాలు పూర్తి వేతనం. అంటే స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే ఈ దేశం రెండు దెబ్బలనూ గుర్తించి చట్టం రాసుకుంది.

ఎవరికోసం రాసుకుందన్నది వేరే మాట. మొదట విద్యుత్తుతో నడిచే, 20 మంది లేదా అంతకు పైగా పనిచేసే కర్మాగారాలకే అది వర్తించింది. నెలకు 400 రూపాయల లోపు జీతగాళ్లకే. అందులో ఇంకో మెలిక ఉంది. సీజనల్ కర్మాగారాలను చట్టం మినహాయించింది. సీజనల్ అంటే ఏవి? పత్తి జిన్నింగ్, కాఫీ, నీలిమందు, లక్క, బెల్లంతో సహా చక్కెర, తేయాకు... ఆ వరుసలో వేరుశనగ కాయల ఒలుపు కూడా ఉంది, పేరు పెట్టి మరీ. అనంతలో ఆ రోజుల్లో ఫ్యాక్టరీ అనదగ్గవాటిలో ముఖ్యమైనవి కాయలు ఒలిచే మిల్లులే. పైరు వచ్చిన నాలుగు నెలలు ఆడవాళ్లు అక్కడ దుమ్ములో కూర్చొని గింజలు ఏరేవాళ్లు. దేశమంతటికీ వర్తించే కార్మిక బీమా చట్టంలో ఈ జిల్లా ప్రధాన పంట ప్రస్తావన ఉంది. ఆ ప్రస్తావన మినహాయింపుల జాబితాలో ఉంది. ఆ వాక్యం రాసినవాళ్లకు దురుద్దేశం ఉందని నేననను. ఏడాది పొడవునా జీతం ఉన్నవాడి నుంచే చందా వసూలు చేయగలమన్నది వాళ్ల లెక్క. కానీ సీజను తప్పితే పనే దొరకని నేల మీద ఆ లెక్క ఏం చేసిందో చూడాలి: ఆరోగ్య భద్రత ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే అవతల నిలబెట్టింది.

అవతల నిలబడినవాళ్లకు జబ్బు చేస్తే ఏమయ్యేది? దీనికి జవాబు ధర్మవరం పట్టుమగ్గాల మధ్య దొరుకుతుంది. అక్కడ చాలామంది నేతగాళ్లకు సొంత పెట్టుబడి లేదు. మాస్టర్ వీవర్ పట్టు, జరీ ఇస్తాడు. ఇంట్లో మొగుడూ పెళ్లాలు నేసి చీర అప్పగిస్తారు, మజూరీ తీసుకుంటారు. గుంటమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చొనే పని, నడుమూ మోకాళ్లూ కళ్లూ త్వరగా అరిగిపోతాయి. ఇంట్లో పెద్ద జబ్బు వస్తే వెళ్లేది ఆ షావుకారు దగ్గరికే. ఆయన అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా మగ్గం ఇంకొకరికి నేయడానికి వీల్లేదు, వేరే షావుకారు చీరకు వంద ఎక్కువిస్తానన్నా సరే. మజూరీ పెంచమని అడిగే నోరు కూడా ఆ అప్పుతోనే మూతపడుతుంది. కదిరి, తనకల్లు వైపు నుంచి బెంగళూరుకు వెళ్లే బేల్దార్లకు షావుకారు స్థానంలో మేస్త్రీ ఉంటాడు. ఊళ్లో జీతగాడికి ఆసామి ఉంటాడు. పేర్లు మారినా పద్ధతి ఒకటే. షావుకారు అందరూ చెడ్డవాళ్లని కాదు, అర్ధరాత్రి తలుపు తడితే డబ్బు తెచ్చి ఇచ్చిన వాళ్లూ ఉన్నారు. కానీ ఆ మంచితనానికీ వడ్డీ ఉంది, దాన్ని కార్మికుడు స్వేచ్ఛతో కట్టాడు.

అమెరికాలో ఇలాంటి కట్టుబాటే ఇంకో రూపంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, అక్కడ జీతాల పెంపు మీద నియంత్రణ పెట్టారు. జీతం పెంచలేని కంపెనీలు మనుషులను ఆకర్షించడానికి ఆరోగ్య బీమా ఎర చూపాయి. అలా బీమా ఉద్యోగానికి అతుక్కుపోయింది. బీమా పోతుందన్న భయంతో నచ్చని ఉద్యోగంలోనే ఉండిపోవడాన్ని అక్కడి ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా కొలుస్తున్నారు. 2010 నాటి ఒబామా సంస్కరణ 50 మంది పూర్తికాల ఉద్యోగులున్న సంస్థ బీమా ఇవ్వాల్సిందేనంది, వారానికి 30 గంటలు పనిచేస్తే పూర్తికాలమంది. దాంతో 49 దగ్గర ఆగిపోయే యజమానుల గురించి, 29 గంటలకే పని ఆపేసే షిఫ్టుల గురించి పెద్ద చర్చ నడిచింది. మన సీమ నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు ఆ భయం ఇవాళ అనుభవమే. వాళ్ల తాతలకు కూడా అనుభవమే, కాకపోతే అక్కడ బీమా కట్టేస్తే ఇక్కడ అడ్వాన్సు కట్టేసింది.

ప్రభుత్వం రాని చోటికి దాతృత్వం వచ్చింది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కట్టాడు. బత్తలపల్లి, కళ్యాణదుర్గం ఆసుపత్రులు పల్లె జనానికి పెద్ద దిక్కయ్యాయి. 1991 నవంబరులో పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి తెరుచుకుంది. గుండె ఆపరేషన్ ఉచితంగా చేస్తారన్న మాట దేశమంతా పాకింది. ఈ రెండు సంస్థలూ కాపాడిన ప్రాణాలకు లెక్క కట్టలేం. అయితే దాతృత్వానికి ఒక పరిమితి ఉంది, అది హక్కు కాదు. క్యూ ఎంత పొడవుంటే అంత ఆగాల్సిందే. చేనేతలకు 2005లో కేంద్రం ఐసీఐసీఐ లాంబార్డ్ ద్వారా ఒక బీమా పెట్టింది, కుటుంబానికి ఏడాదికి 15 వేలు. చిన్న జబ్బులకు పనికొచ్చింది. గుండెకో కిడ్నీకో సమస్య వచ్చిన ఇంటికి అది ఆవగింజంత.

ఇక పల్లె పరిస్థితి. 2003 నాటి జాతీయ శాంపిల్ సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 82 శాతం అప్పుల్లో ఉన్నాయని తేలింది, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. బోర్లు ఎండి, బుడ్డల (వేరుశనగ) పంట పోయి, రైతు ఆత్మహత్యల వార్తల్లో అనంత పేరు రోజూ కనిపించిన కాలమది. ఆ అప్పుల్లో విత్తనానికి చేసినవెన్నో ఆసుపత్రికి చేసినవెన్నో విడదీయడం కష్టం, రెండూ ఒకే ప్రాంసరీ నోటు మీద ఉండేవి. 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ నార్పల మండలం బండ్లపల్లికి వచ్చి ఉపాధి హామీ పథకం ప్రారంభించారు. దాని గురించి అందరికీ తెలుసు. ఆ చట్టం షెడ్యూలులోని ఒక నిబంధన గురించి మాత్రం అంతగా మాట్లాడుకోలేదు. పని మీద గాయపడిన కూలికి ఉచిత వైద్యం చేయించాలి, ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ కూలిలో సగానికి తగ్గకుండా భత్యం ఇవ్వాలి. కార్నిష్ వాదనకు ఈ జిల్లాలో చట్టం చెప్పిన మొదటి సరైన సమాధానం అదేనని నేననుకుంటాను. అయితే అది పని చోట గాయానికే, ఇంట్లో వచ్చిన జబ్బుకు కాదు.

ఆ మరుసటి ఏడాదే అసలు మలుపు. అంతకుముందు పెద్ద ఆపరేషన్ అవసరమైన పేదవాడు ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోవాలి. ఎమ్మెల్యే లేఖ కావాలి, హైదరాబాదు తిరగాలి. 2004 మే నుంచి మూడేళ్లలో ఆ నిధి నుంచి 55 వేల పైచిలుకు కేసులకు 168 కోట్ల రూపాయల పైన ఇచ్చారు. ఇన్ని అర్జీలు వస్తుంటే దాన్ని దయగా నడపడం కంటే పద్ధతిగా నడపడం మేలన్న ఆలోచన నుంచి, స్వయంగా డాక్టరైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో, రాజీవ్ ఆరోగ్యశ్రీ పుట్టింది. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలుపెట్టారు: అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. మూడూ వలసల జిల్లాలే. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు. స్టార్ హెల్త్ బీమా కంపెనీ, ఆసుపత్రి గుమ్మంలో ఆరోగ్య మిత్ర, నగదు ప్రసక్తి లేదు. మొదట 163 జబ్బులు. 2008 జులైలో ఆరోగ్యశ్రీ-2 వచ్చేసరికి 942 చికిత్సలు, రాష్ట్రమంతా.

కార్మికుడి వైపు నుంచి చూస్తే దీని గొప్పతనం ఉచితం కావడంలో మాత్రమే లేదు. ఆ కార్డు యజమానిది కాదు. ఈఎస్ఐ ఫ్యాక్టరీ గేటు దాటితే పనిచేయదు. అడ్వాన్సు షావుకారు గడప దాటనివ్వదు. తెల్ల కార్డు మాత్రం మగ్గం మార్చినా, మేస్త్రీని మార్చినా, ఊరు వదిలి తిరిగొచ్చినా ఇంట్లోనే ఉంటుంది. గుండె ఆపరేషన్‌కు షావుకారు కాళ్లు పట్టుకోనక్కర్లేని నేతగాడు మజూరీ గురించి కొంచెం తల ఎత్తి మాట్లాడగలడు. కార్మిక విపణిలో ఇది చిన్న మార్పు కాదు, కానీ ఏ సర్వేలోనూ దీనికొక గడి లేదు. ఆసుపత్రి ఖర్చుల లెక్క మాత్రం పరిశోధకులు తీశారు. విక్టోరియా ఫాన్, అనుప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మొదట పథకం అమలైన జిల్లాల్లో కుటుంబాలు ఇన్‌పేషెంట్ వైద్యానికి జేబు నుంచి పెట్టే ఖర్చు తగ్గింది. దళిత, గిరిజన కుటుంబాలకు ఆ మేలు తక్కువగా అందింది. ఆ రెండో ముక్కను నేను మొదటిదానికంటే జాగ్రత్తగా చదువుతాను. కార్డు ఉన్నా, దూరాన ఉన్న ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి, ఆ మనిషి పోగొట్టుకునే కూలి, బస్సు చార్జీ, తిండి ఖర్చు ఎవరిస్తారు?

యజమానుల వైపు ఏం జరిగింది? తాడిపత్రి బండల పాలిష్ ఫ్యాక్టరీలు, రాయదుర్గం జీన్సు కుట్టే యూనిట్లు చూడండి. రాయదుర్గంలో బట్ట ఒకచోట కత్తిరించి, కుట్టు ఇళ్లకిచ్చి, గుండీలు ఇంకోచోట వేయిస్తారు. ఒక్కో కప్పు కింద లెక్కకు తొమ్మిదిమందికి మించరు. తర్వాత పదిమందికి దిగిన ఈఎస్ఐ గీత దాటకుండా మస్టరు చిన్నదిగా ఉంచడం దేశమంతటా ఉన్న అలవాటే. ఆరోగ్యశ్రీ వచ్చాక దానికి ఒక సమర్థన కూడా దొరికింది: వీళ్లకు తెల్ల కార్డు ఉంది కదా, మళ్లీ చందా ఎందుకు? కార్మికుడు కూడా నెలనెలా కోత లేకుండా మొత్తం చేతికి రావడాన్నే కోరుకున్నాడు. ఇద్దరికీ ఇష్టమే అయింది, పోయింది మాత్రం జబ్బు రోజుల వేతనం, ప్రసూతి వేతనం. అవి ఆరోగ్యశ్రీలో లేవు. యజమాని కట్టాల్సిన వాటా కాస్తా ఖజానా మీద పడింది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఈఎస్ఐ, రైల్వే, ఆర్టీసీ వంటి పథకాల్లో అవే జబ్బులకు రక్షణ ఉన్నవాళ్లు ఆరోగ్యశ్రీకి అర్హులు కారు. కాగితం మీద సబబే. కానీ పెద్ద ఈఎస్ఐ ఆసుపత్రి కావాలంటే తిరుపతికో బెంగళూరుకో పోవాల్సిన చోట, కొత్తగా ఫ్యాక్టరీలో చేరిన కుర్రాడి ఇంట్లో ఇది పెద్ద ప్రశ్న: దగ్గర్లోని కార్పొరేట్ ఆసుపత్రిలో చెల్లే కార్డు వదిలి దూరాన ఉన్న డిస్పెన్సరీని ఎంచుకోవాలా? మెక్సికోలో 2000 దశకంలో సెగురో పాపులర్ అనే ఉచిత బీమా పెట్టినప్పుడు శాంటియాగో లెవీ అనే ఆర్థికవేత్త సరిగ్గా ఈ భయమే వ్యక్తం చేశాడు. అసంఘటిత రంగంలో ఉంటే ఉచితం, సంఘటిత రంగంలోకి వస్తే చందా అన్నప్పుడు జనం, చిన్న యజమానులు అసంఘటితంలోనే ఉండిపోతారన్నాడు. తర్వాతి అధ్యయనాలు చాలావరకు ఆ ప్రభావం తక్కువేనన్నాయి. అనంత విషయంలోనూ నా అభిప్రాయం అదే. ఇక్కడ సంఘటిత ఉద్యోగాన్ని కాదని కార్డు పట్టుకు కూర్చున్నవాళ్లు లేరు. కూర్చోవడానికి ఆ ఉద్యోగాలే లేవు. రామగిరి బంగారు గనులు కూడా 2001లో మూతపడ్డాయి.

ఆరోగ్యశ్రీ మీద వచ్చిన విమర్శను దాటవేయకూడదు. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసంలో, ఈ నమూనా ప్రజాధనాన్ని ప్రైవేటు ఆసుపత్రుల వైపు మళ్లిస్తోందని చూపించారు. పనిచేసేవాళ్లకు రోజూ వచ్చే జబ్బులు వేరు: విషజ్వరం, క్షయ, షుగరు, బీపీ, నడుము నొప్పి, ఫ్లోరైడు నీళ్లతో పట్టేసిన కీళ్లు. వీటికి మంచమెక్కే అవసరం ఉండదు, ఆపరేషన్ ప్యాకేజీ ఉండదు, కానీ పనిరోజులను మింగేసేవి ఇవే. అవసరం లేని గర్భసంచి తొలగింపుల గురించి ఆందోళన పెరిగాక కొన్ని శస్త్రచికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లకే ఆపరేషనై, బరువెత్తొద్దని డాక్టరు చెబితే, కలుపుకూ కోతకూ వెళ్లే ఆడమనిషికి ఆ మాట బతుకు మీద దెబ్బే.

2014 తర్వాత పథకానికి పేర్లు మారుతూ వచ్చాయి. ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. పేర్ల గొడవ నాకు ముఖ్యం కాదు. 2019లో జరిగిన మూడు మార్పులు ముఖ్యం. ఏడాదికి 5 లక్షల ఆదాయం దాకా అర్హత పెంచారు. నవంబరు నుంచి బెంగళూరు, చెన్నై, హైదరాబాదు ఆసుపత్రుల్లోనూ వైద్యం అందేలా చేశారు. బెంగళూరులో గోడలు కట్టే అనంత బేల్దారికి ఇది చాలా పెద్ద సంగతి. కర్ణాటక భవన నిర్మాణ కార్మికుల బోర్డులో నమోదుకు ఏడాదిలో 90 రోజుల పని చూపించాలి, వానలు పడగానే సేద్యానికి తిరిగొచ్చేవాడు మేస్త్రీ దగ్గర ఆ కాగితం తెచ్చుకోవడం అంత తేలిక కాదు. మూడోది డిసెంబరు 2న మొదలైన ఆరోగ్య ఆసరా. ఆపరేషన్ అయ్యాక కోలుకునే రోజులకు దినానికి 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా. ఆ ఏడాది రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 211. అంటే ఇంట్లో పడుకున్న కూలికి, పనికి వెళ్లి ఉంటే దొరికేంత డబ్బు. రెండో దెబ్బను ఒక ప్రభుత్వం గుర్తించి దానికి రేటు కట్టింది. ఈ మొత్తం చరిత్రలో నేను ఎక్కువ విలువిచ్చే అడుగు అది. కానీ అది జీవోతో వచ్చింది, చట్టంతో కాదు. జీవోతో వచ్చినదానికి ప్రతి బడ్జెట్టులోనూ, ప్రతి ఎన్నికలోనూ గండం ఉంటుంది.

సరిగ్గా ఆ కాలంలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ లేచింది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికి. చుట్టూ విడిభాగాల కంపెనీలు. తరాలుగా బెంగళూరు బస్సెక్కిన కుర్రాళ్లు యూనిఫాం వేసుకొని కంపెనీ బస్సెక్కారు. ఈఎస్ఐ కార్డు చాలా ఇళ్లలో మొదటిసారి కనిపించింది. 2019 జులై 1 నుంచి కేంద్రం చందా తగ్గించింది: యజమాని వాటా 4.75 శాతం నుంచి 3.25కు, కార్మికుడి వాటా 1.75 నుంచి 0.75కు. నెలకు 15 వేల జీతం మీద యజమానికి 225 రూపాయలు, కార్మికుడికి 150 రూపాయలు మిగిలాయి. ఎక్కువమందిని సంఘటితంలోకి తేవడానికే ఈ తగ్గింపన్నారు. నా అనుమానం వేరు. చందా తగ్గినంత మాత్రాన మస్టరు మీద పేరెక్కదు. అప్రెంటిస్ చట్టం కింద తీసుకున్న కుర్రాడు ఈఎస్ఐ నిర్వచనంలో ఉద్యోగే కాదు. లైను మీద పక్కపక్కనే నిలబడి ఒకే పని చేసే ఇద్దరిలో ఒకడికి జబ్బు సెలవు వేతనం ఉంటుంది, రెండోవాడికి ఉండదు.

ఇంకోవైపు జీతాల గీత. 2017 జనవరి నుంచి ఈఎస్ఐ పరిమితి 21 వేలు. దాన్ని దాటినవాడు చందా కాలం ముగియగానే బయటికి వస్తాడు. కంపెనీ గ్రూపు బీమా ఇస్తే సరి, ఆ ఉద్యోగం మానేసిన రోజు అదీ పోతుంది. మన రాష్ట్రంలో నెలకు సుమారు 41 వేల దాకా సంపాదించే ఇల్లు ఆరోగ్యశ్రీ గీత లోపలికి వస్తుంది కనుక ఆసుపత్రి బిల్లుకు అతను మళ్లీ ప్రభుత్వం దగ్గరికి వస్తాడు. జబ్బు రోజుల వేతనం మాత్రం అతనితో రాదు. నైపుణ్యం పెరిగి వెయ్యి రూపాయలు ఎక్కువ వచ్చినందుకు భద్రతలో సగం ఊడిపోవడం ఏ విపణి సూత్రానికీ మేలు చేయదు.

కరోనా ఈ లోపాలన్నిటినీ ఒకేసారి బయటపెట్టింది. 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో, పని మళ్లీ మొదలుపెట్టే సంస్థలు కార్మికులకు వైద్య బీమా తప్పనిసరిగా చేయించాలని ఒక వాక్యం ఉంది. ఆ మాట ఎంతోకాలం నిలవలేదు. రాష్ట్రం కరోనా చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. బత్తలపల్లి ఆసుపత్రి కరోనా రోగులకు పడకలిచ్చింది. బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద నడిచొచ్చిన వలస కూలికి ఆసుపత్రిలో మంచం దొరికింది. ఇంట్లో దినం గడిచే దారి దొరకలేదు.

2023 డిసెంబరులో చికిత్స పరిమితి 25 లక్షలకు చేరింది. అంకె పెద్దదే. అయితే బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు పదేపదే సేవలు ఆపేశాయి, 2025 అక్టోబరులోనూ ఆపాయి. గుమ్మంలో సేవలు లేవన్నప్పుడు 25 లక్షలైనా రెండు లక్షలైనా రోగికి తేడా లేదు. అంతకు నెల ముందు రాష్ట్ర మంత్రివర్గం కొత్త పద్ధతిని ఆమోదించింది: రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు. 2007లో బీమా కంపెనీతో మొదలై, ట్రస్టు చేతికి వెళ్లి, మళ్లీ కొంత బీమా కంపెనీ దగ్గరికే వచ్చాం. కంపెనీకి ముందే ప్రీమియం కట్టాలి కనుక బకాయిల బాధ తగ్గుతుందని ఆశ. క్లెయిములు తిరస్కరించే అలవాటు ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టి ఉండాలి.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. సామాజిక భద్రత కోడ్ ఈఎస్ఐని దేశమంతటా, పది మంది పనిచేసే ప్రతి సంస్థకూ విస్తరించింది. పది లోపున్నవాళ్లు ఇష్టపడితే చేరవచ్చు. ప్రమాదకరమైన పని అయితే ఒక్కడున్నా వర్తింపజేసే అధికారం కేంద్రానికి ఉంది. ఆహారం, సరుకులు మోసే డెలివరీ కుర్రాళ్ల పేరు మీద యాప్ కంపెనీలు టర్నోవరులో ఒకటి రెండు శాతం కట్టాలి. ఇవన్నీ స్వాగతించాల్సినవే. కానీ సీజనల్ ఫ్యాక్టరీ నిర్వచనం తీసి చూడండి. వేరుశనగ కాయల ఒలుపు అక్కడే ఉంది, 1948లో ఉన్నట్టే, మినహాయింపులోనే.

ఆ కోడ్ 45వ సెక్షన్ అసంఘటిత కార్మికులకూ వాళ్ల కుటుంబాలకూ ఈఎస్ఐ ప్రయోజనాలు ఇచ్చే పథకం రూపొందించే వీలు కేంద్రానికి కల్పించింది. ఆ వీలును వాడుకొని కాయల మిల్లుల్లో గింజలు ఏరే ఆడవాళ్లను, ధర్మవరం నేతగాళ్లను, తాడిపత్రి బండల కార్మికులను, బేల్దార్లను మొదటి విడతలో చేర్చాలి. చందాలో యజమాని వాటాను మాస్టర్ వీవర్ నుంచి, మేస్త్రీ వెనకున్న బిల్డరు నుంచి వసూలు చేయాలి. కార్మికుడి వాటా రాష్ట్రం కట్టాలి. బీమా కంపెనీతో చేసుకునే ఒప్పందంలో ఆపరేషన్ ప్యాకేజీల పక్కనే కోలుకునే రోజుల కూలి కూడా ఉండాలి, ఆ ఏడాది ఉపాధి కూలికి తగ్గకుండా, డిశ్చార్జి అయిన వారంలోపు ఖాతాలో పడేలా. 2007లో ఆసుపత్రి బిల్లు విషయంలో రాష్ట్రం మొదటి ప్రయోగం చేసిన మూడు జిల్లాల్లో అనంత ఒకటి. కూలి విషయంలో కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టమని అడిగే హక్కు ఈ రెండు జిల్లాలకూ ఉంది. అడగాల్సింది ఇప్పుడే, కోడ్ల కింద నియమాలు, కొత్త బీమా ఒప్పందాల షరతులు ఇంకా గట్టిపడకముందే.